ఇన్సులిన్ ఆపిన పదకొండు రోజులు

మా భువన ఇప్పుడు మళ్ళీ బడికి పోతోంది. నాలుగో తరగతి. పొద్దున ఏడున్నరకి వ్యాను వస్తుంది, ఎక్కుతుంది, కిటికీలోంచి ఒకసారి చెయ్యి ఊపుతుంది. చూసేవాళ్ళకి మా ఇంట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. జరిగింది. అది నా వల్ల జరిగింది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అనరు కాబట్టే రాస్తున్నాను. పిల్లలకి షుగర్ వచ్చిన ఇళ్ళు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. కొంచెం చదువుకుని, ఆ కొంచెం చదువుతో బిడ్డని తానే బాగుచేసుకోవచ్చని అనుకుంటున్న తల్లి ఎక్కడైనా ఉంటే, ఆమె కంట ఇది పడాలని నా ఆశ.

నా పేరు సుజాత. పుట్టిల్లు హిందూపురం. మైక్రోబయాలజీతో బీయస్సీ చేశాను. పెళ్ళయి బెంగళూరు వచ్చాక హొసకోటెలో ఒక పాల ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. పెరుగులో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో ప్లేట్ల మీద పెంచి చూడడం నా పని. మా ఇల్లు హలసూరులో. మా ఆయన రమేశ్ వాళ్ళది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. బజారు వీధిలో గాజులు, రిబ్బన్లు అమ్మే అంగడి ఉంది. ఇంట్లో మేమిద్దరం, భువన, మా అత్తమ్మ.

జూన్

బడులు తెరిచిన రెండో వారం క్లాస్ టీచర్ ఫోన్ చేసింది. భువన పీరియడ్‌కి రెండుసార్లు బాత్‌రూముకి పోతోందని, పాఠం తప్పించుకోవడానికేమో కనుక్కోమని. సాయంత్రం పిల్లని కోప్పడ్డాను. "దాహమైతా ఉండాదమ్మా" అంది తలొంచుకుని. ఆ వారమే దాని స్కర్టుకి నడుము దగ్గర పిన్ను పెట్టాల్సి వచ్చింది. పొడుగవుతోంది కదా, సన్నబడుతుందిలే అనుకున్నాను.

అత్తమ్మే పట్టుకుంది. "సుజాతా, బిడ్డ చెంబులు చెంబులు నీళ్ళు తాగతా ఉండాది. వాళ్ళ తాతకి షుగర్ వచ్చినప్పుడు ఇట్లే తాగతా ఉన్యాడు. ఆస్పత్రికి తీసుకపో."

"చిన్నపిల్లలకి షుగర్ ఏమిటత్తమ్మా" అన్నాను. చదువుకున్నదాన్ని నేనే కదా.

మర్నాడు ఆస్పత్రిలో వేలిమీద చుక్క రక్తం తీసి మీటరులో పెడితే అంకె రాలేదు, 'హై' అని వచ్చింది. నర్సు ఇంకో మీటరు తెచ్చింది. అందులోనూ అదే. అయిదు రోజులు ఉంచుకున్నారు.

పిల్లల షుగర్ డాక్టరు నా వయసు ఆవిడే. కన్నడలో నిదానంగా చెప్పింది. "ఇది మీరు పెట్టిన తిండి వల్ల రాలేదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలని ఒళ్ళే చంపేసుకుంటోంది. ఇక బయటినుంచి ఇవ్వాలి."

"ఎన్నాళ్ళు మేడమ్?" అన్నాడు రమేశ్.

"ఎప్పటికీ."

అర్థం కానట్టు మళ్ళీ అడిగాడు. ఆవిడ మళ్ళీ అదే మాట చెప్పింది. రమేశ్ లేచి వరండాలోకి పోయి గోడకున్న టీకాల పట్టిక ముందు నిలబడ్డాడు. చాలాసేపు దాన్నే చదివాడు.

రోజుకి నాలుగు సూదులు. మూడు పూటలా తిండికి ముందు ఒక్కోటి, పొద్దున లేవగానే రోజంతా పనిచేసేది ఒకటి. నర్సు నా చేత నారింజపండు మీద పొడిపించి నేర్పింది. మొదటిసారి పిల్ల పొట్ట మీద వేసేటప్పుడు భువన సూదిని చూడలేదు, నా మొహం చూసింది. "అమ్మా, నువ్వు భయపడొద్దు" అని నా మణికట్టు పట్టుకుంది.

ఆగస్టు

రెండు నెలలకి మందు తగ్గుతూ వచ్చింది. మామూలు మోతాదు వేస్తే షుగర్ పడిపోయి క్లాసులో వణికేది. టీచరు గ్లూకోజు నీళ్ళు తాగించి ఫోన్ చేసేది. డాక్టరు మోతాదు తగ్గించింది, మళ్ళీ తగ్గించింది.

"సంతోషించండి, కానీ నమ్మొద్దు. మిగిలిన కణాలు కొన్నాళ్ళు కోలుకుని పనిచేస్తాయి. దీన్ని మేము హనీమూన్ అంటాం. కొందరికి కొన్ని నెలలుంటుంది, అయిపోతుంది. నయమవుతోందని మాత్రం అనుకోకండి" అంది.

విన్నాను. కానీ అదే రోజు ఆవిడ చెప్పిన ఇంకో సంగతి నా తలలో పాతుకుపోయింది. షుగర్ వచ్చిన పిల్లల పేగుల్లో బ్యాక్టీరియా మామూలు పిల్లల్లో ఉన్నట్టు ఉండడం లేదని, షుగర్ అదుపులో ఉన్న పిల్లలకీ లేని పిల్లలకీ మధ్య కూడా తేడా కనిపిస్తోందని కొందరు పరిశోధన చేస్తున్నారట. "ఏది ముందో ఏది వెనకో ఇంకా ఎవరికీ తెలీదు. బ్యాక్టీరియా వల్ల షుగర్ అట్లా ఉందా, షుగర్ వల్ల బ్యాక్టీరియా అట్లా మారిందా అని చూస్తున్నారు. ఇష్టమైతే భువన మలం శాంపిల్ ఇవ్వండి" అంది. ఒక డబ్బా, ఒక ఫారం ఇచ్చారు.

మర్నాడు హొసకోటె బస్సులో కూర్చుని అదే ఆలోచించాను. జూన్ నుంచి నాకు తెలియని మాటలే విన్నాను. ఇది మాత్రం నాకు తెలిసిన లోకం. ఆ జీవులకి ఏ వేడి కావాలో, ఏ తిండి కావాలో, ఎన్ని గంటల్లో రెట్టింపవుతాయో నా చేతికి తెలుసు. నా బిడ్డకి నేను చేయగలిగింది ఒకటి దొరికిందనుకున్నాను.

సెప్టెంబరు నుంచి

ఇంట్లో వంట మారిపోయింది. రాగి అంబలి పులియబెట్టి పోశాను. సద్దన్నం మజ్జిగలో పిసికి పెట్టాను. ఎంచుకున్న తోడుతో పెరుగు నేనే తోడేసేదాన్ని. మందుల షాపులో మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ పొట్లాలు కొని అంబలిలో కలిపాను. భోజన విరామంలో ల్యాబులో కూర్చుని ఫోనులో కనబడ్డ పరిశోధనలన్నీ చదివాను. ఎలుకలకి పనిచేసిందని ఉంటే, ఎలుకలకి అన్న మాట నా కంటికి ఆనేది కాదు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది. పిల్లకి ప్రోబయోటిక్‌లు కానీ ప్రత్యేకమైన తిండి కానీ ఇస్తున్నారా అని. 'లేదు' అని రాశాను. అవునంటే భువనని తీసేస్తారేమో, ఆ ఫలితం నాకు దొరకదేమో అని భయం.

మందు ఇంకా తగ్గింది. డాక్టరు చెప్పిన కారణంతోనే తగ్గుతోంది. నేను నా అంబలి వల్ల అనుకున్నాను. ఒకరోజు మీటరు చూసి రమేశ్, "సుజీ, నీ పెరుగు పనిచేస్తా ఉండాదే" అని నవ్వాడు. జూన్ తర్వాత మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు నన్ను చెడగొట్టిందంటే అతని మీద నెపం వేసినట్టవుతుంది. చెడింది నేనే.

అత్తమ్మ ఒక్కతే అడిగింది. "ఇదంతా డాక్టరమ్మకి చెప్పే చేస్తా ఉండావా?"

"చెప్పాను" అన్నాను. చెప్పలేదు.

తిండి ముందు సూదులు, డాక్టరే ఆపమందని ఇంట్లో చెప్పి, ఒక్కోటే నా అంతట నేనే మానేశాను. అంకెలు కొంచెం పెరిగినా మరీ చెడ్డగా లేవు. నవంబరు చివరికి పొద్దున వేసే ఒక్క సూది మిగిలింది, రెండే యూనిట్లు. అంత తక్కువ ఉన్నా లేకున్నా ఒకటే అనిపించింది. అది కూడా తీసేస్తే పేగుల్లో నేను పెంచినవి పూర్తిగా పని అందుకుంటాయని అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే పిచ్చిదాని మాటలా ఉంది. అప్పుడు లెక్క తేలినట్టే ఉండింది.

సూది నేను హాల్లో, రమేశ్, అత్తమ్మ కాఫీ తాగుతూ కూర్చున్నప్పుడు వేసేదాన్ని. మానేస్తే వాళ్ళకి తెలుస్తుంది. అందుకని, మోతాదు అంకె తిప్పి పెట్టే ఇన్సులిన్ పెన్నుని సున్నా దగ్గరే ఉంచి పొడిచాను. పది లెక్కపెట్టి తీశాను. భువన చొక్కా దించుకుని పలక్కుండా లేచి వెళ్ళింది.

మొదటి రోజు అంకె బాగుంది. రెండో రోజూ బాగుంది. పాత మందు ఒంట్లో ఇంకా కొంత ఉంటుందని, లోపల మిగిలిన కణాలు ఈడుస్తున్నాయని ఆలోచించలేదు. అయిదో రోజు పెరిగింది. రాగులు ఎక్కువయ్యాయని తగ్గించాను. ఎనిమిదో రోజు మీటరులో వచ్చిన అంకె కాకుండా ఇంకో అంకె నోటుబుక్కులో రాశాను. మా ల్యాబులో ఎవరైనా అట్లా రాస్తే నేనే మేనేజరుకి చెప్పి ఉద్యోగం తీయించేదాన్ని. పదో రోజు పొద్దున పిల్ల పక్క తడిసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరూ చూడకముందే దుప్పటి తనే మడిచి బకెట్లో పెట్టుకుంది. నేను చూశాను. చూసి వంటింట్లోకి పోయాను.

డిసెంబరు

పదకొండో రోజు దగ్గు, కొంచెం జ్వరం. అప్పుడు కూడా సున్నాతోనే పొడిచాను. తెల్లారి లేస్తూనే వాంతి చేసుకుంది. ఒకటి, రెండు, మూడు. కళ్ళు లోపలికి పోయాయి. పరుగెత్తి వచ్చినట్టు లోతుగా, బరువుగా ఊపిరి తీస్తోంది. దాని మొహం దగ్గరికి వంగితే మగ్గిపోయిన పండు వాసన. ఇన్సులిన్ లేనప్పుడు ఒంట్లో పేరుకునే కీటోన్ల వాసన అట్లా ఉంటుందని చదివి ఉన్నాను. రమేశ్‌ని కేకేశాను.

రమేశ్ ఎత్తుకుని ఆటో ఎక్కాడు. ఓల్డ్ మద్రాస్ రోడ్డులో ఆఫీసుల వేళ. మెట్రో స్తంభాల కింద బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఆటో డ్రైవరు తల బయటికి పెట్టి "మగు ఇదె, జాగ బిడి", బిడ్డ ఉంది, దారివ్వండి అని కన్నడలో అరుస్తూ దారి చేసుకున్నాడు. రమేశ్ పిల్ల చెంప తడుతూ "భువీ, నన్ను చూడమ్మా, కండ్లు తెరువమ్మా" అంటున్నాడు.

ఎమర్జెన్సీలో డాక్టరు మొదట అడిగింది ఒకటే. "చివరిగా ఇన్సులిన్ ఎప్పుడిచ్చారు?"

"నిన్న పొద్దున ఇచ్చినాం మేడమ్. ఒక్క రోజు కూడా తప్పించలేదు. నా కండ్ల ముందరే ఇస్తుంది" అన్నాడు రమేశ్.

ఆవిడ రాసుకుంటోంది. ఆ రాత తప్పు. తప్పు రాత మీద నా బిడ్డకి వైద్యం చేస్తారు. "హన్నొందు దిన ఆయ్తు" అన్నాను. కన్నడలోనే ఎందుకు వచ్చిందో తెలీదు. రమేశ్‌కి నాకంటే కన్నడ బాగా వచ్చు. అయినా నా వైపు తిరిగి, "ఏమి?" అన్నాడు.

"పదకొండు రోజులైంది. నేను ఆపేశాను. ఉత్త సూది పొడిచాను."

తిట్టలేదు, కొట్టలేదు. మంచం కమ్మీ మీద నా చేతికి ఆనుకుని ఉన్న తన చెయ్యి తీసేసుకున్నాడు, అంతే. డాక్టరు రాసుకున్నది కొట్టేసింది. నర్సుల వైపు తిరిగి వేగంగా ఏదో చెప్పింది. మమ్మల్ని బయటికి పంపి తెర లాగేశారు.

పిల్లల ఐసీయూ బయట నాలుగు రోజులు కూర్చున్నాను. రెండో రోజు మెదడులో వాపు వచ్చిందేమోనని స్కాన్‌కి తీసుకుపోయారు. పిలిస్తే కళ్ళు తెరిచేది, మమ్మల్ని గుర్తుపట్టేది కాదు. రమేశ్ వరండాకి ఆ చివర కూర్చున్నాడు, నేను ఈ చివర.

నా పక్కన లక్ష్మి అని ఒకామె ఉండేది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి సర్జాపురలో అపార్ట్‌మెంట్లు కట్టేచోట పనిచేస్తుంది. ఆమె బిడ్డకి డెంగీ. తను తెచ్చుకున్న చాప సగం నాకు పరిచింది. రొట్టె తెచ్చి చేతిలో పెట్టి, తినేదాకా ఊరుకోలేదు.

"మీ పాపకేమైందక్కా?"

"షుగరు. జ్వరమొచ్చి ఎక్కువైంది" అన్నాను.

"నువ్వైతే సదువుకున్నవ్. మందులూ మాకులూ తెలుస్తయి. నాకేం తెల్వది. మూడొద్దులు ఉత్త జ్వరమే అనుకున్న. నీ అసొంటి తల్లి ఉంటే నా బిడ్డకు ఇంతదాక రాకపోవు" అంది.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా భుజం నిమురుతోంది. ఆ చెయ్యి కూడా తీసేసుకుంటుందన్న భయంతో చెప్పలేదు. మూడో రోజు ఆమె బిడ్డని వార్డుకి మార్చారు. పోతూ చాప నాకే వదిలేసింది. ఆమెతో ఆడిన అబద్ధం ఇప్పటికీ మోస్తున్నాను.

జనవరి తర్వాత

భువన బతికింది. పిల్లల షుగర్ డాక్టరు నన్ను ఒంటరిగా పిలిచి మాట్లాడింది. కోప్పడుతుందని సిద్ధపడి వెళ్ళాను.

"పేగుల సంగతి అబద్ధమని నేను అనను. రేపు దాన్నుంచి ఏదైనా మంచి రావచ్చు. అంబలి పోయండి, పెరుగు పెట్టండి, వాటితో చెడేం లేదు. కానీ ఏ బ్యాక్టీరియా అయినా ఈ పిల్లకి ఇన్సులిన్ బదులు పనిచేస్తుందని ఈ రోజు లోకంలో ఎవరూ చెప్పలేరు. నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు" అంది. తర్వాత, "ఆ సంగతి మీకు చెప్పింది నేను. మీరు పాల ల్యాబులో పనిచేస్తారని తెలిసి కూడా ఇంకొంచెం వివరంగా చెప్పలేదు" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

పరిశోధన గదికి కూడా వెళ్ళాను. ఫారంలో అబద్ధం రాశానని చెప్పాను. అక్కడున్న అమ్మాయి భువన పేరు మీద గీత కొట్టింది. "చెప్పకపోయుంటే మా లెక్కే తప్పయ్యేది" అంది మర్యాదగా. మా బిడ్డ ఇచ్చిన శాంపిల్ ఎవరికీ దేనికీ పనికిరాకుండా పోయింది.

హనీమూన్ అయిపోయింది. దానంతట అదే ఇంకొన్నాళ్ళు ఉండేదా, నేనే ముగించానా అంటే చెప్పలేమన్నారు. ఇప్పుడు మందు జూన్‌లో కంటే ఎక్కువ. భువన ముందు పన్నెండో ఎక్కం దాకా గడగడా చెప్పేది. ఇప్పుడు ఏడో ఎక్కంలో ఆగి కిటికీ వైపు చూస్తుంది. మెదడు వాపు వల్ల పోయిన ఆ చురుకు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. నేను అడగడం మానేశాను.

సూదులు రమేశ్ వేస్తాడు. మధ్యాహ్నం అంగడి మూసి బడికి పోయి వేసి వస్తాడు. పెన్నులు తన బ్యాగులో పెట్టుకుంటాడు. నాతో అవసరమైనంత వరకే మాట్లాడతాడు. అందులో కోపం కూడా వినపడదు, అదే భరించలేను.

మొదట్లో నేను తిండి మానేసి కూర్చుంటే అత్తమ్మ పళ్ళెం తెచ్చి పక్కన కూర్చునేది. ఒకరోజు అన్నం కలుపుతూ అంది. "డాక్టరమ్మకి చెప్పినా అంటివే, నాకు ఆ పొద్దే అనుమానమైంది. డాక్టరమ్మకి ఫోన్ చేయించి ఉంటే అయిపోతా ఉండె. చదువుకున్న కోడలితో నాకేమి వాదం అని ఊరికే ఉండిపోతి. నీదొక్కదానిదే కాదమ్మా తప్పు. తిను." ఆమె అట్లా అన్నాక ఇంకా తినలేకపోయాను. నా తప్పు ఆ ముసలామె మీదికి కూడా పాకింది.

ఉద్యోగం మానలేదు. రోజూ అవే ప్లేట్లు, అవే తెల్లటి చుక్కలు. కొన్ని రోజులు చేతికి తొడుగు వేసుకుని, ఏమి చెయ్యాలో మరిచిపోయి నిలబడిపోతాను.

పోయిన ఆదివారం

తలంటుపోసి మిద్దె మీద ఎండలో భువన జుట్టు ఆరబెడుతున్నాను. చిక్కు తీస్తుంటే, "అమ్మా, ఒకటి చెప్తే ఏడవవు కదా" అంది.

"ఏడవను."

"సూది ఉత్తదే అని నాకు తెలుసు. పెన్ను తిప్పితే టకటకా అంటాది. అప్పుడు అనలేదు."

దువ్వెన ఆగిపోయింది. "ఎవరికీ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"నాన్నకి తెలిస్తే మళ్ళీ వెయ్యమంటాడని. నువ్వు నాకు బాగుచేస్తా ఉండావనుకున్యా." తడి జుట్టు ముందుకి లాక్కుని మళ్ళీ అంది. "ఒకసారి మీటరులో పెద్ద నంబరు వస్తే, చెయ్యి కడుక్కోలేదు, బెల్లం అంటిందని చెప్తినే, గుర్తుండాదా? అది అబద్ధం. కడుక్కునే ఉన్యా. నీకు బాధైతాదని అట్ల చెప్తి."

నేను వెనక కూర్చున్నాను కాబట్టి దానికి నా మొహం కనిపించలేదు.

సూది వేళయిందని రమేశ్ కింది నుంచి పిలిచాడు. భువన లేచి, తడి ఇంకా ఆరని జుట్టుతో మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగింది. "నాన్నకి చెప్పొద్దు" అంది. "చెప్తే నీ మీద ఇంకా కోపం చేసుకుంటాడు."

సరేనని తలూపాను. మూడు రోజులు ఆ మాట మీద నిలబడ్డాను. ఇప్పుడు ఇదంతా రాసేశాను. ఎక్కడికైనా పంపేముందు రమేశ్ చేతికిస్తాను. అతను చదువుతాడు. చదివాక ఈ ఇంట్లో నాకు ఏమి మిగులుతుందో నాకు తెలీదు. కానీ ఆ పిల్ల ఇంకెవరి కోసమూ దేన్నీ దాచిపెట్టకూడదు.